పసుపు నోటి కార్తా

అట్-బాషి,
అక్టోబరు మొదట్లో

సోనున్‌బుబు పెద్దమ్మకి జాన్‌తోరో సలాములు.

ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. అక్కడ నువ్వూ, నీ మోకాళ్ళూ క్షేమమని తలుస్తాను.

ఈ ఉత్తరం పట్టుకొచ్చే జపార్ మినీబస్సు ఇంజను ఆపకుండా మా గుమ్మం ముందు నిలబెట్టి హారన్ కొడుతున్నాడు. అందుకని అసలు సంగతికి వచ్చేస్తాను. మా బళ్ళో నాతో పనిచేసే లెక్కల టీచరు సాయ్‌కల్ గురించి అమ్మ నీకు రాసే ఉంటుంది. నెలాఖరుకి వాళ్ళ నాన్న కోయ్‌చుమాన్ గారు మా ఇల్లు చూడటానికి వస్తున్నారు. ఆయన పక్క ఊళ్ళో పశువుల డాక్టరు. ఆయన ఎదురుగా గుర్రాలు కూడా గట్టిగా సకిలించవంటారు. ఆయన ఊ అంటేనే పెళ్ళి. ఊహూ అంటే నేనేమైపోతానో నాకే తెలియదు.

సాయ్‌కల్ ఒక ఉపాయం చెప్పింది. వాళ్ళ నాన్నకి వీడియోగేమ్‌లో ఫుట్‌బాల్ అంటే పిచ్చట. చేతిలో జాయ్‌స్టిక్ పెడితే పసిపిల్లాడైపోతారట. ఆట పెట్టె నా దగ్గరుంది, హాస్టల్ రోజుల్లోది. కానీ మొన్న కరెంటు ఒక్కసారిగా ఎక్కువై మా టీవీ కాలిపోయింది. మిగిలింది బడివాళ్ళు పనికిరాదని నాకిచ్చేసిన కంప్యూటరు. ఆట పెట్టెని దానికి కలపాలంటే ఒక కార్తా కావాలి. అది ఇక్కడ దొరకదు. నువ్వే కొని పంపాలి.

చవకది చాలు. లోపల పెట్టేదే కావాలి, బయట తగిలించేది వద్దు. పసుపుపచ్చ నోరు తప్పకుండా ఉండాలి. ఆలస్యం మాత్రం అస్సలు ఉండకూడదు, ఉంటే ఆయన ముందు నా పరువు పోతుంది. రేడియో ఉన్నది వద్దు. చైనాదైనా ఫరవాలేదు.

ఇట్లు,
నీ జాన్‌తోరో

తా.క. కొత్తదే కావాలని లేదు. ఒకరు వాడి వదిలేసిందైనా సరే.


బిష్కెక్,
ఆ మరుసటి వారం

చిరంజీవి జాన్‌తోరోకి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మోకాళ్ళు క్షేమంగా లేవు. ఉత్తరం చదివాక గుండె కూడా క్షేమంగా లేదు.

ఒరే, నువ్వుంటున్నది అట్-బాషిలో. ఊరి పేరే గుర్రం తల. ఇక్కడ ఓష్ బజారులో మాంసం కొట్టువాడు గొప్ప చెప్పుకోవాలంటే "ఇది అట్-బాషి గుర్రం అక్కా" అంటాడు. అలాంటిది అట్-బాషి వాడు బిష్కెక్ నుంచి కార్తా తెప్పించుకోవడం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. మీ గుర్రాలన్నీ ఏమయ్యాయిరా? చలికాలానికి గుర్రాన్ని కొయ్యడానికి ఇంకా రోజులున్నాయని నాకూ తెలుసు. కానీ మీ ఊళ్ళో ఒక్క ఇంట్లో కూడా లేకుండా పోయిందా?

పోనీ, పిల్ల తండ్రి వస్తున్నాడు, ఆయన పళ్ళెంలో కార్తా పెట్టాలన్న బుద్ధి నీకు పుట్టింది. సంతోషం. అది మన వంశంలోంచి వచ్చిన బుద్ధి. కానీ చవకదా? గుర్రం ఒంట్లో పెద్దపేగు ఒక్కటే. దాని చివర కొవ్వు పట్టిన మూరెడు ముక్కే కార్తా. కాబోయే మామకి అందులో చవకది ఏరమంటావా? పైగా చైనాదా? ఒకరు వాడి వదిలేసిందా? ఆ ముక్క రాసేటప్పుడు నీ చెయ్యి ఎలా ఆడిందిరా?

లోపల పెట్టేది కావాలన్నావు. కార్తాని కడిగి తిరగేస్తే కొవ్వు దానంతటదే లోపలికి పోతుంది, నువ్వు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. పసుపుపచ్చగా ఉండాలన్నావు, మొత్తం ఉత్తరంలో అదొక్కటే తెలివైన మాట. కొవ్వు పసుపుగా ఉంటే ఆ గుర్రం మంచి గడ్డి తిన్నట్టు. కానీ నోరేమిటి నాయనా? కార్తా గుర్రానికి ఏ చివర ఉంటుందో నీకు బళ్ళో చెప్పలేదా? అక్కడున్నదాన్ని నోరని ఎవరూ అనరు. మామగారి ముందు మాత్రం ఆ మాట అనకు.

ఆలస్యం కూడదన్నావని పొద్దున్నే వెళ్ళి కొని, ఉప్పూ వెల్లుల్లీ పట్టించి, గుడ్డలో చుట్టి జపార్ చేతికిచ్చాను. మీ టీవీ కాలిపోయినందుకు విచారిస్తున్నాను. దానికీ దీనికీ సంబంధమేమిటో తెలియలేదు. చిన్నప్పటి నుంచీ నువ్వింతే, ఒక సంగతి మొదలుపెట్టి ఇంకో దాంట్లోకి పోతావు.

ఇట్లు,
మీ అమ్మకంటే ముందు పుట్టిన
సోనున్‌బుబు

తా.క. బజారులో మంచి కార్తా ఉన్న కొట్టువాడు రోజంతా రేడియో పెట్టుకుని పాటలు వింటాడు. నువ్వు రేడియో ఉన్నది వద్దన్నావు కదా అని వాణ్ణి వదిలి పక్కవాడి దగ్గర కొన్నాను. కారణమేమిటని వాడడిగితే మా అబ్బాయి పట్టింపు అని చెప్పాను.


అట్-బాషి,
జపార్ వచ్చిన రోజే

పెద్దమ్మకి సలాములు. ఉభయకుశలోపరి.

కార్తా అందింది. డోలోన్ కనుమ దగ్గర బస్సు మంచులో దిగబడి ఒక పూట ఆగిపోయిందట. ఆ వెల్లుల్లి వాసనకి ప్రయాణికులంతా చలిలో కిటికీలు తెరుచుకుని కూర్చున్నారట. ఇప్పుడు ఊళ్ళో ఎవరు కనబడినా ఒకటే ప్రశ్న, "ఏం జాన్‌తోరో, మన గుర్రాలకి పేగుల్లేవా?" అని. అమ్మ మొహం చాటేసి తిరుగుతోంది. తిరుగుతూనే వండింది. బాగుంది, కాదనను.

కానీ పెద్దమ్మా, నాకు కావల్సింది తినే కార్తా కాదు, ఆడే కార్తా. కోయ్‌చుమాన్ గారు, నేను ఎదురెదురుగా కూర్చుని ఆడాలి. ఆయన గెలవాలి, నేను ఓడాలి. అదీ తెలియకుండా ఓడాలి. కార్తా లేకపోతే ఆట లేదు. ఆట లేకపోతే సాయ్‌కల్ లేదు. ఎలా ఉండాలో మొదటి ఉత్తరంలో అంతా రాశాను, దాన్నే ఇంకోసారి చదువుకో.

జపార్ మళ్ళీ హారన్ మొదలుపెట్టాడు.

ఇట్లు,
జాన్‌తోరో

తా.క. దయచేసి ఈసారి మాంసం కొట్టుకి వెళ్ళకు.


బిష్కెక్,
ఉత్తరం అందిన మరుక్షణం

జాన్‌తోరోకి,

ఆశీస్సులు ఈసారి రాయడం లేదు. ఆడే కార్తా అంటే పేకముక్కేనని నాకు తెలియదనుకున్నావా?

మీ తాత ఒక చలికాలం పేకాటలో ముందు జీను ఓడాడు. తర్వాత ఆ జీను కింద ఉన్న గుర్రాన్ని ఓడాడు. చివరికి టోపీ కూడా ఓడి, మీ అమ్మమ్మ రుమాలు తలకి చుట్టుకుని ఇంటికొచ్చాడు. ఆ రోజు మీ అమ్మా నేనూ తలుపు వెనకాల నిలబడి చూశాం. మన ఇంట్లోకి మళ్ళీ పేకముక్క రానివ్వమని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాం. ఇప్పుడు ఆయన మనవడివి నువ్వు పిల్లనే పందెంలో పెట్టి ఆడతానంటున్నావు. మామగారు కూర్చుని పంచుతాడా ముక్కలు?

చెప్పావని మొదటి ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. అప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి. "లోపల పెట్టేది" అంటే చొక్కా చేతిలోపల దాచే ముక్క. "ఒకరు వాడి వదిలేసింది" అంటే వెనకాల గుర్తులు పెట్టిన పేక. "ఆలస్యం ఉండకూడదు" అంటే చెయ్యి చురుగ్గా ఉండాలని. "పసుపు నోరు" ఏమిటో ఇంకా తెలియలేదు, అది కూడా ఏదో దొంగాటే అయి ఉంటుంది. నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తినిపించిన చేతులతో నేను నీకు పేక కొని పంపను. కంప్యూటరు చదువు చదివిస్తే ఇదా నేర్చుకున్నావు?

ఇట్లు,
సోనున్‌బుబు

తా.క. మనది పరువుగల కుటుంబమనీ, మా వాడితో పేకాట మానుకుంటేనే ఈ సంబంధమనీ కోయ్‌చుమాన్‌కి తెలియజెయ్యమని జపార్‌తో చెప్పాను. నలుగురిలో కాదు, చెవిలో చెప్పమన్నాను.


అట్-బాషి,
అక్టోబరు మూడో వారం

పెద్దమ్మా,

జపార్ చెవిలోనే చెప్పాడు. కానీ నడుస్తున్న బస్సులో, ఆ ఇంజను చప్పుడులో చెప్పాడు. బస్సు నిండా విన్నారు. సాయంత్రానికి రెండు ఊళ్ళూ విన్నాయి.

కోయ్‌చుమాన్ గారు కబురు పంపారు. అనుకున్న రోజుకే వస్తారట. ఒక్కరే కాదు, ఇద్దరు తమ్ముళ్ళని వెంటబెట్టుకుని వస్తారట. జన్మలో పేకముక్క ముట్టని తనని పేకాటరాయుడన్నది ఎవరో తేల్చుకుని మరీ వెళతారట. బళ్ళో సాయ్‌కల్‌కి క్షమాపణ చెబుదామని వెళ్ళాను. ఆమె నల్లబల్ల వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని గుమ్మంలోంచే తిరిగి వచ్చేశాను.

ఇక విను. నేను పేక ఆడను. పేగూ అడగలేదు. కార్తా అంటే కంప్యూటరు కార్తా. అరచేతంత పచ్చ పలక. దాని మీద నల్లటి ముక్కలు అతికించి ఉంటాయి. అంచున బంగారు రంగు పళ్ళుంటాయి. కంప్యూటరు మూత విప్పి, లోపలున్న గాడిలో ఆ పళ్ళు దిగేలా నొక్కాలి. అందుకే లోపల పెట్టేది అన్నాను. దాని వెనక తీగ దూర్చే కంత పసుపుగా ఉంటుంది. ఆట పెట్టెలోంచి బొమ్మ ఆ కంతలోకి వెళ్ళి తెర మీదికి వస్తుంది. అదే నోరు. కొన్ని కార్తాల్లో మీట నొక్కిన కాసేపటికి గానీ తెర మీద మనిషి కదలడు. అదే ఆలస్యం. కదలని మనిషితో ఎవరాడతారు? బొమ్మ గీసి ఈ ఉత్తరంతో పెడుతున్నాను. పెద్ద దుకాణం మేడ మీద కంప్యూటర్లు అమ్మే వరుసలో చూపించు.

పెద్దమ్మా, నీతో దాపరికం దేనికి? సాయ్‌కల్ స్టాఫ్‌రూమ్‌లోకి వస్తే నాకు చేతిలో ఉన్న టీ ఎటు పెట్టాలో తెలియదు. ఆమె లేకుండా నేను ఈ ఊళ్ళో ఉండలేను. మిగిలింది ఒక్క వారం.

ఇట్లు,
నీ మీద కోపం తెచ్చుకోవడం చేతకాని
జాన్‌తోరో

తా.క. జపార్‌కి ఉత్తరాలూ పొట్లాలూ మాత్రమే ఇవ్వు. మాటలు ఇవ్వకు.


బిష్కెక్,
ఉత్తరం అందిన సాయంత్రం

నా బంగారు జాన్‌తోరోకి పెద్దమ్మ ఆశీస్సులు. పోయినసారి రాయనివి కూడా కలిపి.

తప్పు నాదే. ఇంతకంటే రాస్తే ఏడుపొస్తుంది, కాబట్టి పనిలోకి వస్తాను.

నువ్వు గీసిన బొమ్మ పక్కింటావిడకి చూపిస్తే దువ్వెన అంది. మేడ మీద వరుసలో మొదటి కొట్టువాడికి చూపిస్తే, "ఏ కార్తా అక్కా, వీడియో కార్తానా, సౌండు కార్తానా, టీవీ కార్తానా?" అన్నాడు. ఆ మేడ మీద ఉన్నవన్నీ కార్తాలేరా. నన్ను తప్పు పట్టడానికి లేదు.

వాడు పొట్టమీద చెయ్యేసుకుని అన్నిటికంటే ఖరీదైనది తీశాడు. రిమోటు ఉంది, రేడియో ఉంది అన్నాడు. రేడియో ఉన్నది మా వాడికి పడదు, ఆ సంగతి బజారంతా ఎరుగును అన్నాను. చేతిలోకి తీసుకుని వాసన చూశాను. వాడు నవ్వాడు. "మాంసాన్ని వేలితో నొక్కి చూస్తాం, పుచ్చకాయని తట్టి చూస్తాం, దీన్నేం చెయ్యాలో నువ్వే చెప్పవయ్యా" అన్నాను. "ఆడి చూడాలి" అన్నాడు. "అయితే పెట్టు" అన్నాను.

వాడు వేళాకోళానికి అన్నాడు. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. పక్క కొట్లోంచి ఆట పెట్టె తెప్పించాను. మొదట బయట తగిలించే పెట్టె పెట్టాడు. మీట నొక్కాను. వాడిచ్చిన టీ ఊదుకుని ఒక గుక్క తాగాను. అప్పుడు తన్నాడు తెరమీదవాడు. "ఇదేమిటయ్యా, వీడు ఇంట్లో అడిగొచ్చి తంతున్నాడా?" అన్నాను. ఈ పెట్టె బొమ్మని ముందు మూట కట్టి, ఆ సన్నటి తీగలోంచి పంపి, అవతల మూట విప్పి చూపిస్తుందట, అందుకే ఆ ఆలస్యమట. ఖరీదైనది పెట్టించాను. అది లోపల పెట్టేదే కానీ, వచ్చిన బొమ్మనల్లా దాచుకునే రకమట. అందుకని అదీ మూటలు కడుతుంది. ఆఖరికి అడుగు అరలోంచి దుమ్ము పట్టిన చవకది తీశాడు. నొక్కీ నొక్కగానే తన్నాడు. ఇంకోసారి నొక్కాను. ఇంకోసారి తన్నాడు. "అక్కా, బంతి మీ గోల్‌లోకే పోయింది" అన్నారు వెనక నిలబడ్డవాళ్ళు. ఎవరిదైతేనేం, ఆలస్యం లేదు.

అదే పంపుతున్నాను. దాని వెనక పసుపు కంత కూడా చూశాను. ఒప్పుకుంటున్నాను, దీనికి నోరుంది.

కోయ్‌చుమాన్ గారికి జరిగిందంతా వివరంగా రాసి, కవరు అంటించి, జపార్ చేతికే ఇచ్చాను. నోరు మాత్రం తెరవొద్దన్నాను. ఆ పిల్ల మన ఇంటికి రావాలి. వస్తుంది.

ఇట్లు,
సోనున్‌బుబు

తా.క. కార్తాని తడి తగలకుండా ఉన్ని మేజోడులో పెట్టాను. ఈసారి ఉప్పు పట్టించలేదు.


అట్-బాషి,
నవంబరు మొదట్లో

ప్రియమైన పెద్దమ్మకి జాన్‌తోరో సలాములు.

ఇక్కడ మేం క్షేమం. ఈ మాట ఇన్నాళ్ళూ అలవాటు కొద్దీ రాశాను. ఇవాళ నిజంగా రాస్తున్నాను.

కార్తా ముందు రోజు చేరింది. మేజోడు విప్పి, గాడిలో నొక్కి, తీగ కలిపాను. తెర మీద పచ్చటి మైదానం కనబడగానే అమ్మ "ఇది ఎవరి పొలం?" అంది.

మర్నాడు కోయ్‌చుమాన్ గారు వచ్చారు. తమ్ముళ్ళిద్దరూ చెరో పక్కన, భార్య వెనక. అందరూ పళ్ళెం చుట్టూ కూర్చున్నారు. తర్వాత ఆయన జేబులోంచి నీ ఉత్తరం తీశారు.

"ఇది మూడుసార్లు చదివానయ్యా. గుర్రం పేగంటుంది, పేకాటంటుంది, పచ్చ పలకంటుంది. పశువుకైతే మందు రాసేవాణ్ణి. మీ పెద్దమ్మకి ఏం రాయాలో తెలీలా" అన్నారు.

నేను "మీకోసం చిన్న ఏర్పాటు చేశానండీ" అని జాయ్‌స్టిక్ ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. దూడ పుట్టీ పుట్టగానే ఎలా చూస్తారో అలా చూశారు.

"ఏంటిది?"

"ఫుట్‌బాల్ ఆటండీ. మీకిష్టమని..."

"నాకా? ఎవరు చెప్పారు?"

"సాయ్‌కల్ చెప్పిందండీ."

ఆయన భార్య వైపు తిరిగారు. ఆవిడ రుమాలు అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముళ్ళలో చిన్నాయన గోడవైపు తిరిగి దగ్గడం మొదలుపెట్టాడు. కోయ్‌చుమాన్ గారు జాయ్‌స్టిక్‌ని జాగ్రత్తగా బల్లమీద పెట్టారు.

"ఒరే అబ్బాయ్, మా ఇంట్లో నేను టీవీలో వార్తలు చూసి ఎన్నేళ్ళయిందో తెలుసా? సాయంత్రమైతే చాలు, మా పిల్ల ఆట పెట్టె ముందు కూర్చుంటుంది. బడి పనుందే అంటే ఇదయ్యాక అంటుంది. వచ్చిన సంబంధాల్లో ఇద్దర్ని ఓడించి పంపించింది. ఇవాళ నేను మీ ఇల్లు చూడ్డానికి రాలా. ఇల్లెలా ఉంటే నాకేం? ఇక్కడ టీవీ లేదని తెలిసి, దాన్ని ఈ ఇంట్లో ఎలా ఉంచుతావో కనుక్కుందామని వచ్చా. సంసారం మానేసి సాయంత్రం మళ్ళీ మా ఇంటికే వచ్చి కూర్చుంటే నా గతేంటి?"

తెర చూపించాను. ఆయన మైదానం చూశారు, కార్తా దగ్గర్నించి ఆట పెట్టె దాకా ఉన్న తీగ చూశారు. లేచి కిటికీ తెరిచి, బయట కారులో కూర్చున్న కూతురిని కేకేశారు. పెళ్ళికి ముందు పిల్ల ఈ గడప తొక్కడం పద్ధతి కాదని అమ్మ గొణిగింది. ఆయన, "పద్ధతి సంగతి తర్వాత వదినా, ముందు ఇది పనిచేస్తుందో లేదో చూడనీ" అన్నారు.

సాయ్‌కల్ వచ్చింది. రుమాలు సర్దుకుని, కళ్ళు నేలకి దించుకుని, ఎంతో వినయంగా కూర్చుని జాయ్‌స్టిక్ అందుకుంది. పెద్దమ్మా, ఆరు గోల్స్. నేను తెలియకుండా ఓడిపోదామని సాధన చేసుకున్నవన్నీ వృథా. ఆలస్యమేదైనా ఉంటే అది కార్తాలో లేదు, నాలోనే ఉంది.

పెద్దవాళ్ళు టీకి లేచినప్పుడు మెల్లిగా అడిగాను, మీ నాన్న పేరెందుకు చెప్పావని. ఆమె తెర మీంచి కళ్ళు తిప్పకుండా, "ఆడపిల్ల ఆట కావాలంటే నవ్వుతారు. మా నాన్నంటే భయపడైనా తెప్పిస్తావని" అంది. "నీకే కావాలని చెబితే మొదటి వారమే నేనే బిష్కెక్ పోయి తెచ్చేవాణ్ణి" అన్నాను. అప్పుడు కళ్ళు తిప్పింది. ఆ క్షణంలో నేనొక గోల్ వేశాను. దాన్ని లెక్కలోకి తీసుకోనంది.

కోయ్‌చుమాన్ గారు గుమ్మం దగ్గర టోపీ పెట్టుకుంటూ నా భుజం తట్టారు. "పిల్లని తీసుకెళ్ళు నాయనా. మా ఇంట్లో ఉన్న జాయ్‌స్టిక్ కూడా తీసుకెళ్ళు. ఈ రాత్రికి నేను వార్తలు చూస్తా" అన్నారు. వచ్చే శుక్రవారం అమ్మ వెళ్ళి సాయ్‌కల్‌కి నిశ్చయపు చెవిపోగులు పెడుతుంది. నువ్వు లేకుండా పెట్టనంటోంది. ముందు సీటు నీకోసం అట్టిపెట్టమని జపార్‌కి చెప్పాను.

ఇట్లు,
ఆరు గోల్స్ తేడాతో ఓడి గెలిచిన
జాన్‌తోరో

తా.క. ఉత్తరం అంటించబోతుంటే బయట గుర్రం ఆగిన చప్పుడైంది. కోయ్‌చుమాన్ గారు, ఈసారి ఒక్కరే. లోపలికొచ్చి కూర్చుని టీ తాగారు. వార్తలు చూశారా అని అడిగాను. "చూశా. పిల్ల పిన్నిగారింటికి పోయింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. వార్తల్లో కూడా ఏం లేదు" అన్నారు. కాసేపు కార్పెట్ పూలకేసి చూస్తూ కూర్చున్నారు. తర్వాత టోపీ తీసి పక్కన పెట్టి, "పెళ్ళయ్యాక దానితో కూర్చుని ఆడాలంటే నాకూ వచ్చుండాలి కదా. తన్నేది ఏ మీటో చూపించు. దానికి మాత్రం చెప్పకు" అన్నారు.

చూపిస్తున్నాను.